పిలిచిన చోటికల్లా వెళ్లే పికెన్స్

ఉద్యోగం ఇస్తామని ఎవరు పిలిచినా డెల్బర్ట్ పికెన్స్ కాదనేవాడు కాదు. ఉన్న ఒక్క గోధుమరంగు కోటూ తొడుక్కుని వెళ్లేవాడు, వాళ్లు పోసిన కాఫీ తాగేవాడు, తిరిగి వచ్చేవాడు. తొమ్మిదేళ్లలో పద్నాలుగు కాలేజీలు పిలిస్తే పద్నాలుగింటికీ వెళ్లాడు. ఒక్కదాంట్లోనూ చేరలేదు.

అర్కాన్సా రాష్ట్రంలో హార్లన్ ఫోర్క్ అనే చిన్న ఊరి కాలేజీలో ఆయన అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్. ఆయన రాకముందు ఆ జట్టు గెలవడమనేది పత్రికల్లో పక్క ఊళ్ల గురించి చదువుకునే సంగతి. ఆయన వచ్చాక గెలవడం అలవాటైంది. అక్కడే వచ్చింది చిక్కు. గెలిచే కోచ్‌ని పెద్ద కాలేజీలు ఊరికే ఉండనివ్వవు. డిసెంబరు వచ్చిందంటే పంటలకు మందు చల్లే విమానాలు దిగే మైదానంలో ఆయన్ని తీసుకెళ్లడానికి వాళ్లు పంపిన ఓ తెల్లటి చిన్న విమానం దిగేది. దాన్ని చూడగానే మావిస్ తన హోటల్ వంటకాల బోర్డు మీద 'కోచ్ పికెన్స్ పంది చాప్స్' అని ఆయన పేరిట పెట్టిన మాంసం కూర దగ్గర ఆయన పేరు తుడిచేసేది. ఆయన తిరిగి వచ్చి పళ్లెం ముందు కూర్చుంటే మళ్లీ రాసేది. ఆ కాస్త మేరా బోర్డు అరిగి తెల్లబడింది.

హోటల్లో ఏటా ఇదే వాదన. గెలిచినవాడు పైకి పోకపోతే గెలవడం దేనికని ఇన్సూరెన్స్ ఏజెంటు అనేవాడు. అన్నం పెట్టిన ఊరిని వదిలిపోయేవాడు మనిషేనా అని మావిస్ అనేది. పోతే పోనీ, ఈ ఊగిసలాట ఏమిటి, పెళ్లిచూపులకు తిరిగే వరుడిలా అని మిగతావాళ్లు నవ్వేవారు.

నవ్వనిది ఒక్క ఓడెల్. ముప్ఫై ఏళ్లుగా జట్టు హెల్మెట్లు, భుజాల కవచాలు, ఉతికిన చొక్కాలు చూసుకునే మనిషి. కొత్త కోచ్ వస్తే వెంట తన మనుషుల్ని తెచ్చుకుంటాడు. వాళ్లు మొదట ఖాళీ చేయించేది సామాను గదినే. పింఛనుకి ఇంకా రెండేళ్లుంది. అందుకే విమానం చప్పుడు వింటే చాలు, ఓడెల్ ఉతికిన చొక్కాలే మళ్లీ ఉతికేవాడు.

ఆ డిసెంబరులో పిలిచింది రాష్ట్రంలోకెల్లా పెద్ద విశ్వవిద్యాలయం. దాన్ని కాదనేవాడు పుట్టలేదని ఊరంతా తీర్మానించింది. పైగా మూడు రోజులుగా పొగమంచు, విమానం దిగే వీల్లేదు. కోచ్ స్టీరింగ్ మీద కాగితం పెట్టుకుని ఆట ఎత్తులు గీసుకుంటూ నడుపుతాడు కనుక ఆయన్ని పెద్ద రోడ్డెక్కనిచ్చేవాళ్లు లేరు. చివరికి ఆయన్ని తీసుకెళ్లే పని ఓడెల్ మీదే పడింది. తన గొయ్యి తానే తవ్వుకోవడమంటే ఇదే కాబోలు అనుకుంటూ బండి తీశాడు.

"ఈ కోటు బాగుందా, ఓడెల్?" అని దారిలో అడిగాడు కోచ్.

"వాళ్లు మిమ్మల్ని తీసుకుంటే కొత్తది కొనుక్కుందురు గాని," అన్నాడు ఓడెల్. అరవై మైళ్లు నడిపి విశ్వవిద్యాలయం ముందు బండి ఆపాడు.

బయట చలిగా ఉందని కోచ్ అతన్నీ లోపలికి లాక్కుపోయాడు. బల్లకి అవతల ఏడుగురు. వాళ్లలో తెల్లజుట్టు అధ్యక్షురాలు, మా దగ్గరికి వస్తే మొదటి ఏడాది ఏం చేస్తారని అడిగింది.

"నేనా? నాతో మీరు పడలేరండీ. విందుల్లో మాట్లాడడం రాదు నాకు, ఫైళ్లంటే గిట్టదు," అన్నాడు కోచ్. "మీకు కావలసిన మనిషి నా ఆఫీసులో ఉన్నాడు. రూబెన్ టేట్. మేం గెలిచిన ఆటల్లో సగం ఎత్తులు అతనివే."

కోటు జేబులోంచి మడతలు పడ్డ కాగితాలు తీసి, నలభై నిమిషాలు తన సహాయకుడు రూబెన్ గురించే చెప్పాడు. మిమ్మల్ని పిలిస్తే ఇంకొకరిని అంటగడుతున్నారేమిటని ఆవిడ నవ్వేసింది. నవ్వుతూనే రూబెన్ ఫోన్ నంబరు రాసుకుంది.

గోడ వార కూర్చున్న ఓడెల్ నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది. ఈ తొమ్మిదేళ్లలో కోచ్ దగ్గరున్న సహాయకులు నలుగురు ఒకరి తర్వాత ఒకరు పెద్ద కాలేజీలకు కోచ్‌లై వెళ్లారు. వాళ్ల అదృష్టం అనుకుంది ఊరు. ఆ అదృష్టం గోధుమరంగు కోటు వేసుకుని ఊరూరా తిరుగుతోందని అతనికి అప్పుడు తెలిసింది.

తిరుగుదారిలో ఉండబట్టలేక అడిగాడు. "ఈ ముక్క ఊళ్లో చెప్పొచ్చు కదా కోచ్? ఏటా మా ప్రాణాలు తోడేస్తున్నారు."

"చెబితే నన్ను పిలిచేదెవరు? చిన్న కాలేజీలో సహాయకుడికి ఎవరూ ఫోన్ చెయ్యరు. నేను వస్తానన్న ఆశ ఉంటేనే ఆ తలుపు తీస్తారు." కోచ్ కిటికీ అద్దం మీది మంచులో వేలితో ఏదో ఎత్తు గీస్తున్నాడు. "గెలిచినవాడు పోవాల్సిందే, ఓడెల్. ఆ పోయేవాడు నేనే కానక్కర్లేదు. నాకు ఇక్కడ బాగుంది."

ఓడెల్‌కి గుండెల మీంచి బరువు దిగినట్టయింది. ఇన్నేళ్లూ మనసులో ఈయన్ని తిట్టుకున్న తిట్లు గుర్తొచ్చి సిగ్గేసింది కూడా. రెండేళ్లేమిటి, ఇరవై ఏళ్లయినా ఆ హెల్మెట్లు తుడవగలననిపించింది.

"నువ్వు శాండ్‌విచ్ తెచ్చుకోవడానికి వెళ్లినప్పుడు నీ పేరు కూడా చెప్పాను," అన్నాడు కోచ్.

బండి రోడ్డు దిగబోయి ఆగింది.

"నా పేరా? ఏమన్నారు?"

"హెల్మెట్లు చూడ్డానికే వాళ్లకి పదకొండు మంది ఉన్నారట. నిన్ను వద్దన్నారు. ఏమీ అనుకోకు."

తనను ఎవరో వద్దన్నారంటే ఓడెల్‌కి అంత ఆనందం కలగడం అదే మొదటిసారి. బండిని నెమ్మదిగా మళ్లీ రోడ్డెక్కించాడు.

"మంచివాళ్లు, కోచ్," అన్నాడు. "చాలా మంచివాళ్లు."