తక్కెడ తెచ్చిన సారు

నిన్న పొద్దున మా కోడలు పేపరు నా ముందు పరిచి, "సూడుండ్రి అత్తమ్మా, మీ చిన్నప్పటికి ఇప్పటికి పేదరికం ఎంత తగ్గిందో" అంది. అందులో ఎడమవైపు ఎత్తున మొదలైన గీత కుడివైపుకు దిగుతూ ఉంది. నేను అద్దాలు తుడుచుకుని ఆ ఎడమ కొస దగ్గరే ఆగిపోయాను. అప్పటి లెక్కలు ఎలా తీశారో నాకు కాస్త తెలుసు, అందుకే నమ్మకం తక్కువ. అనుమానం నాకు మేం అవ్వ అని పిలిచే కన్నతల్లి నుంచి వచ్చిన ఆస్తి.

మాది వేములవాడ దగ్గర పల్లె. హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్త. నాకు ఎనిమిదేళ్లుంటాయి. ఏ ఇంట్లో ఎంత తింటున్నారో సర్కారుకు లెక్క రాయడానికి ఒక సారు తక్కెడ, పెన్సిలు పట్టుకుని ఊళ్లో దిగాడు. మా ఇంటితో సహా కొన్ని ఇళ్లు ఎంచుకుని, మూడు రోజులపాటు కుండలో పడే ప్రతి గింజా ముందుగా తూచి రాసుకుంటాడట. మాట చూస్తే గుంటూరు వైపుది, మర్యాద చూస్తే మరీ ఎక్కువ. రెండూ అవ్వకు నచ్చలేదు. అంతకు కొన్నేళ్ల కింద లెవీ పేరుతో బలవంతంగా ధాన్యం వసూలు చేయవచ్చిన సర్కారు మనుషులు మా ఇంట్లో విత్తనాల జొన్నలు కూడా కొలుచుకుని పోయారు. చల్లడానికి గింజ లేక ఆ ఏడు మా చెలక బీడు పడింది. "గిదీ లెవీ యేషమే. కుండల ఏం పడుతదో సూసి పాతర ఏడున్నదో పట్టుకుంటడు" అంది అవ్వ.

తిండి గింజలు, విత్తనాలు అన్నీ లోపలి అర్రలో, నేలలో తవ్విన పాతరలోనే ఉన్నాయి. అవ్వ దాని మూత మీద పేడతో అలికి, పైన ఇసుర్రాయి పెట్టింది. ఇక మూడు రోజులు పిడికెడు పిండితో పలచటి అంబలి, చేనుగట్టు మీది ఆకుకూర. సారు తూచేవాడు, రాసేవాడు. "ఇంకేం తినరా అమ్మా?" అంటే, "గింతే సారూ, గింజలు ఏడియి?" అనేది. ఆయన ఇసుర్రాయి వంక చూసినప్పుడల్లా నేను అవ్వ వంక చూసేదాన్ని. బాపు, అంటే మా నాన్న, ఒక్కసారి మాత్రం, "పోరలు తాళరే" అని గొణిగాడు. అవ్వ చూసిన చూపుకు లేచి బయటికి వెళ్లిపోయాడు.

మూడోనాడు నాలుగేళ్ల తమ్ముడు ఆ తక్కెడ ముందే సొమ్మసిల్లి పడ్డాడు. అవ్వ వాడి మొహాన నీళ్లు చల్లి, లేచి, సారు చూస్తుండగానే ఇసుర్రాయి తోసి పాతర తీసింది. "రాసుకో సారూ! ఎత్తుకపొయ్యెటోళ్లను తోల్కరా. ముందుగాల నా కొడుకు తినాలె." ఆ విత్తనాలు పోతే మా చెలక మళ్లీ బీడే.

ఆయన పాతరలోకి తొంగి కూడా చూడలేదు. పుస్తకం మూసి, "నా తూకం అయిపోయిందమ్మా. ఇవాళ్టిది నాకక్కర్లేదు" అన్నాడు. అవ్వ జొన్నలు విసిరి సంకటిలాంటి గట్క వండింది. తమ్ముడికి తినిపించాక ఆయనకూ ఒక ముద్ద పెట్టి, "తిను. మా గట్క తిన్నంక మా మీద ఎట్ల రాస్తవో సూస్త" అంది. ఆయన తలొంచుకుని తిన్నాడు. ఆయన ఊరు దాటకముందే అవ్వ గింజలన్నీ మా పెద్దమ్మ ఇంటికి చేరవేసింది.

గింజల కోసం ఎవరూ రాలేదు. ఆ ఏడు జొన్న చల్లుకున్నాం. మా ఇల్లు మాత్రం ఆ గీత ఎడమ కొసన, ఏ కాగితంలోనో అంబలితోనే ఉండిపోయింది. అవ్వ చెప్పింది అబద్ధమే, మేం పడ్డ ఆకలి నిజమే. అన్నీ కాలమే తేలుస్తుందంటారు గాని, ఆ కాలం కూడా మా అవ్వ చెప్పిందే రాసుకుని వెళ్లిపోయినట్టుంది.