ఎడమ చేతి పచ్చబొట్టు

కాశిబుగ్గలో మా ఇంటి ముందుగదంతా మగ్గమే. బాపు నేల మీద పరిచే షతరంజీలు నేసేవాడు. అమ్మ పక్కన కూర్చుని కండెలు చుట్టేది, బుగ్గలో తంబాకు పెట్టుకుని. ఆ బుగ్గలోనే పుండు లేచింది. కారం తగిలితే మండుతోందని చాలాకాలం పెరుగన్నంతో నెట్టుకొచ్చింది. నోరు సరిగా తెరుచుకోని రోజున మాత్రం నా వెంట దవాఖానకు వచ్చింది. క్యాన్సర్ అన్నారు.

బుగ్గ లోపలి భాగం తీసేసి, ఆ ఖాళీలో ముంజేతి చర్మాన్ని రక్తనాళంతో సహా తెచ్చి కుడతామని డాక్టరు చెప్పాడు. అమ్మ ఎడమ మణికట్టును రెండు పక్కలా నొక్కిపట్టి, ఒక వేలు వదిలాడు. తెల్లబడ్డ అరచేతిలోకి మళ్లీ ఎరుపు వచ్చింది. ఒక నాళం తీసినా చేతికి ఏమీ కాదన్నాడు. అప్పుడు అతని చూపు పచ్చబొట్టు మీద పడింది. అది బాపు పేరు.

"ఇది గూడ నోట్లకు పోతదమ్మా. వద్దంటే కుడిచేతిది తీస్కుంటం."

అమ్మ ఏనాడూ బాపు పేరు పలికింది లేదు. ఓటరు లిస్టు వాళ్లొచ్చినా నన్నే చెప్పమనేది.

"కుడిచెయ్యి బువ్వ తినేది గద సారూ. గిదే తియ్యుండ్రి," అంది. తర్వాత పక్కనే నిలబడ్డ బాపు వైపు చూసి నెమ్మదిగా అంది. "ఇన్నేండ్లు పేరు పలుకకపోతి. ఇగ నోట్లనే ఉంటడు."

బాపు కిటికీ వైపు తిరిగి కండువాతో మొహం తుడుచుకున్నాడు.

ఆపరేషన్ అయ్యాక నర్సులు టార్చి వేసి, కుట్టిన చర్మం రంగు మారిందేమోనని మాటిమాటికీ చూసేవారు. మారలేదు. ముక్కు గొట్టం తీసేశాక అమ్మ మొదటి మాట అడిగింది బాపునే. ముద్దముద్దగా వచ్చింది.

"తిన్నవా?"

"తిన్న. నువ్వు జర మెల్లగ మాట్లాడు," అన్నాడు బాపు. అప్పటికి ఆయన తినలేదని నాకు తెలుసు.

ఇంటికొచ్చాక కూడా అమ్మ ముంజేతికి కట్టు ఉండేది. జడ వేసుకోవడం కుదిరేది కాదు. నేను వేస్తానంటే బాపు దువ్వెన ఇవ్వలేదు. పొద్దున్నే మగ్గం దగ్గరే ఆమెను కూర్చోబెట్టుకుని, మూడు పాయలు తీసి, దారాలు సరిచేసినంత ఓపికగా అల్లేవాడు. అమ్మ కళ్లు మూసుకుని కూర్చునేది.