నాచారంలో ఎండిన బోరుకు పది రీడింగులు

మొదటి ఏడాది సైన్సు విద్యార్థులను క్లాసులో కూర్చోబెట్టకముందే బయటికి తీసుకెళ్లి, ఒక ప్రశ్న వెంట తిప్పాలని మీలో కొందరు అనుకుంటున్నారు. మా నాచారం తిరుగుడు గురించి ఇంతకుముందు రాసినప్పుడు దారి ఎట్లా, ఎంతవుతుంది, ఎంతసేపు పడుతుంది అని లెక్చరర్లు, తోటి విద్యార్థులు చాలామంది అడిగారు. దారి చెప్తాను. కానీ చివరిసారి ఆ దారిలో పోయినప్పుడు జరిగింది కూడా చెప్పక తప్పదు. అది దాచి దారి ఒక్కటే చెప్తే మిమ్మల్ని మోసం చేసినట్టే.

మాది ఉప్పల్ దగ్గరి డిగ్రీ కాలేజీ. నేను బీఎస్సీ మూడో ఏడు. సైన్సు నాకు క్లాసులో అంటుకోలేదు. సభల బయట బల్ల మీద పరిచి అమ్మే పది, పదిహేను రూపాయల చిన్న పుస్తకాల్లో అంటుకుంది. మా దగ్గర కెమిస్ట్రీ వాళ్లకు బోటనీ వాళ్లతో పని లేదు, లెక్కల వాళ్లకు ఎవరితోనూ పని లేదు. ఎవరో ఎప్పుడో చేసిన ప్రయోగాన్నే చేసి, ముందే తెలిసిన జవాబును తెచ్చి, రికార్డు రాసి, సంతకం పెట్టించుకుని బయటపడతాం. దీని మీద, నాచారం ఫ్యాక్టరీలు బోరు నీళ్లను చెడగొడుతున్నా ఎవరూ కొలవకపోవడం మీద పన్నెండు పేజీల కరపత్రం రాసి గేటు దగ్గర పంచితే అందరూ నవ్వారు. నవ్వనిది కెమిస్ట్రీ చెప్పే సుజాత మేడం ఒక్కరే. ఆమె గెస్టు లెక్చరర్. ప్రతి జూన్‌లో ఆమె ఉద్యోగం మళ్లీ మొదటికొస్తుంది. అయినా నా కోపాన్ని సిలబస్‌గా మార్చే పని నెత్తిన వేసుకున్నారు.

ఆమె తయారుచేసిన కోర్సులో ప్రశ్న ఒకటే: మన బోరు నీళ్లలో ఏముంది? మొదటి సెమిస్టరు నుంచే అన్ని గ్రూపుల పిల్లలు కలిసి దాని వెంట పడాలి. లవణాలు కెమిస్ట్రీ వాళ్లు చూస్తారు, సూక్ష్మజీవులు బయాలజీ వాళ్లు చూస్తారు, అంకెల్లో నిజమెంతో లెక్కల వాళ్లు తేలుస్తారు, కింద ఏ రాయి ఉందో, పైన ఒకప్పుడు ఏ పొలం ఉండేదో అందరూ కలిసి ఊరివాళ్లను అడుగుతారు. ముందుగా ఇరవై మంది ఫస్టియర్ పిల్లలతో నాచారంలో ఎనిమిది బోర్ల మీద పది శనివారాలు నడిపి చూశాం. మొదటి వారం బోర్లు చూపించి వచ్చాక, పిల్లలే పోయి కొలిచి అంకెలు తెచ్చిచ్చేవాళ్లు. ఆ పట్టిక పట్టుకుని ఏప్రిల్ ఆఖరు వారంలో ఒక మధ్యాహ్నం మూడు గంటలకు సిలబస్ కమిటీ ముందు నిలబడాలి. వాళ్లు ఒప్పుకుంటే జూన్ నుంచి కోర్సు ఉంటుంది, దాన్ని నడపడానికి మేడమూ ఉంటారు. ఒప్పుకోకపోతే రెండూ ఉండవు. అంతా సిద్ధమయ్యాక బోర్ల ఫోటోలు లేవని మేడం గుర్తుచేశారు. పొద్దున్నే పోయి తీసుకొస్తానన్నాను.

మేముండేది బోడుప్పల్‌లో. ఎనిమిదిన్నరకు షేర్ ఆటో ఎక్కితే ఉప్పల్ రింగురోడ్డుకు ఇరవై రూపాయలు తీసుకున్నాడు. దూరం తక్కువే గానీ ఏళ్లుగా కడుతున్న పొడుగాటి ఫ్లైఓవర్ స్తంభాల మధ్య దుమ్ములో నలభై నిమిషాలు పట్టింది. మీరు పిల్లలతో వస్తే అరగంట ఎక్కువే వేసుకోండి. ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే మూడో స్టేషన్ హబ్సిగూడ. టికెట్టుకు ఇరవై పైన చిల్లర. మెట్లు దిగగానే కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద ర్యాంకులొచ్చిన పిల్లల మొహాలు గోడ నిండా ఉంటాయి. ఆ రోడ్డులోనే శాస్త్రవేత్తలు పనిచేసే పెద్ద ఆవరణ ఉంది. పక్కనే హాస్టళ్లలో ఉండే పిల్లల్లో ఒక్కడైనా దాని లోపల ఏం జరుగుతుందో చూసి ఉంటాడా అని ఎప్పటిలాగే మండిపోయాను.

హబ్సిగూడ చౌరస్తా నుంచి నాచారానికి మళ్లీ షేర్ ఆటో, ఇంకో ఇరవై. నా ఒళ్లోని సీసాల డబ్బా చూసి డ్రైవరన్న అదేందని అడిగాడు. బోరు నీళ్లు కొలిచే సామాను, నీళ్లలో ఏముందో తెలుసుకుంటున్నాం అన్నాను.

"ఏమున్నదో మాకు తెల్వదా తమ్మీ? సబ్బు రుద్దితె నురగ రాదు. దానికి ఇన్ని సీసాలు గావాల్నా?"

నాకు కోపమొచ్చింది. తెలిసినట్టు అనిపించడం వేరు, కొలిచి చెప్పడం వేరు అని నా కరపత్రంలో రెండో పేజీ మొత్తం అప్పజెప్పాను. ఆయన అద్దంలో నన్ను చూస్తూ ఓపిగ్గా విన్నాడు. "మా బిడ్డ గూడ బీఎస్సీనే. ఆదివారమంత కూసోని రికార్డు రాస్తది, అట్టలేస్తది, రంగు పెన్నులతోని గీతలు గొడ్తది. ప్రయోగం ఎప్పుడు జేసినవ్ బిడ్డా అంటె నవ్వుతది" అన్నాడు. ఆటోలో అందరూ నవ్వారు. సరిగ్గా ఆ జబ్బుకే మా కోర్సు మందు అని చెప్పి దిగాను.

మొదట యాదగిరి మామ ఇంటికి పోయాను. మా పట్టికలో అది మూడో నంబరు బోరు. ఇప్పుడు ఫ్యాక్టరీ షెడ్లున్న చోట ఒకప్పుడు వాళ్ల నాయన వరి పండించేవాడు. ఈయనకు మిగిలింది ఈ ఇల్లు, ముందు చిన్న కిరాణా కొట్టు. నన్ను అల్లుడా అని పిలుస్తాడు. మోటరు వేస్తే నీళ్లు పడుతుండగా ఫోటో తీసుకుంటానన్నాను.

"ఏం మోటరు అల్లుడా? తీసి అటుక మీద పెట్టిన. శివరాత్రి పోయిన వారమే నీళ్లు దిగిపాయె. ట్యాంకరే తాగుతున్నం."

శివరాత్రి మా నాలుగో వారం. నాకు అర్థం కాలేదు.

"మరి మా పిల్లలు ప్రతి శనివారం వచ్చిన్రు గద మామా?"

"నాలుగైదు వారాలు వచ్చిన్రు. మంచి పిల్లలు. నీళ్లు లెవ్వంటె అయ్యో అన్నరు, చాయ్ తాగిన్రు, రాసుకోని పోయిన్రు."

"నీళ్లు లేకుంటె ఏం రాసుకున్నరు?"

"నాకేమెరుక? సదువుకున్నోళ్లు, ఏదో రాసుకున్నరు. నీళ్లల్ల ఏమున్నదో రాసిస్తమన్న కాగితం ఎప్పుడిస్తరు మరి? మున్సిపాలిటోళ్లకు సూపిస్తనంటి గద."

అరుగు మీద కూర్చుని పట్టిక తీశాను. మూడో నంబరు వరసలో పది గడులూ నిండి ఉన్నాయి. ఐదో వారం నుంచి అంకె మెల్లగా, బుద్ధిగా పెరుగుతూ పోయింది. ఆ వరసతో గీసిన గ్రాఫు చూపించి, ఎండలు ముదిరేకొద్దీ లవణాలు ఎట్లా పెరుగుతున్నాయో చూడండి అని మేడం ముందు గంతులేసింది నేనే.

ఆ బోరు బాధ్యత నవ్య అనే ఫస్టియర్ అమ్మాయిది. ఇల్లు రెండు వీధుల అవతలే. ఫోన్ చేస్తే పావుగంటలో నోటుబుక్కుతో వచ్చింది. నేను అరిచాను. ఏమన్నానో ఇక్కడ రాయను, రాయదగ్గవి కావు. యాదగిరి మామ లోపలి నుంచి వచ్చి ఆడపిల్లతో గట్ల మాట్లాడుతవా అని నన్ను గద్దించాడు. నవ్య మాత్రం ఏడవలేదు. తప్పు ఎక్కడుందో నిజంగానే తెలియనట్టు చూసింది.

"ఐదో వారం ఖాళీ వదిలిన అన్నా. మీరే కోపం జేసిన్రు. గడి ఖాళీ ఉంటె కమిటీ నవ్వుతది, ఏం జేస్తరో నాకు తెల్వదు, నిండాలె అన్నరు."

అన్నాను. నాకు గుర్తుంది.

"మరి ఏ అంకె రాయాల్నో నీకెట్ల తెలుసు?"

"మొదటి రోజే మీ కరపత్రం ఇచ్చిన్రు గద. ఫ్యాక్టరీకి దగ్గరుంటె ఎక్కువుంటయి, ఎండాకాలం ఇంక పెరుగుతయి అని అందుల ఉన్నది. ఆన్సర్ తెలిస్తె రీడింగ్ రాసుడే గద అన్నా. ఇంటర్ల గట్లనే నేర్పిన్రు."

మిగతావాళ్లలో ఇట్లా రాసినవాళ్లు ఎంతమందని అడిగాను. వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టి, రెండో చెయ్యి తీయబోతూ ఆపేసింది. వద్దులే అన్నాను.

అక్కడి నుంచి పారిశ్రామిక వాడ వైపు పది నిమిషాల నడక. నీడ లేదు, పిల్లలతో పోతే టోపీలు, తాగే నీళ్లు దగ్గరుండాలి. ఆరో నంబరు బోరు ఒక ఫ్యాక్టరీ గోడను ఆనుకుని, టిఫిన్ సెంటర్ వెనక ఉంది. పట్టికలో అన్నిటికన్నా పెద్ద అంకెలు దానివే. కనీసం ఒక్కటైనా నిలబడుతుందని నా ఆశ. మోటరు వేసి, ఐదు నిమిషాలు నీళ్లు వదిలి, సీసా నింపి, కరిగిన లవణాలు కొలిచే మీటరు ముంచాను. లీటరుకు ఆరు వందల నలభై మిల్లీగ్రాములు. పట్టికలో చివరి అంకె దానికి రెట్టింపు కన్నా ఎక్కువ. మీటరు తుడిచి మళ్లీ ముంచాను. దాదాపు అంతే. సీసా కడిగి, కొత్త నీళ్లు పట్టి మళ్లీ ముంచాను.

నవ్య పక్కన నిలబడి చూస్తోంది. "తక్కువొచ్చిందని మూడుసార్లు ముంచిన్రు అన్నా. ఎక్కువొస్తె ఒక్కసారే ముంచుదురు" అంది. వెక్కిరింత కాదు. చూసింది చెప్పింది, అంతే. ఇన్ని నెలల్లో మా కోర్సులో ఎవరైనా చేసిన మొదటి పరిశీలన అదేనేమో. నేను మీటరు మూతపెట్టేశాను.

టిఫిన్ సెంటర్లో నలభై రూపాయలకు రెండు ఇడ్లీ ప్లేట్లు తిని, నవ్యను ఇంటికి పంపి, వచ్చిన దారినే రెండు గంటలకు కాలేజీ చేరాను. మేడం ల్యాబులో కాగితాలు సర్దుతున్నారు. అంతా చెప్పాను. ఆమెది గుంటూరు వైపు, భర్త రైల్వే ఉద్యోగి. గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు. అప్పుడూ పెంచలేదు. ఎన్ని గడులని మాత్రం అడిగారు. సగం దాకా ఉండొచ్చన్నాను. కిటికీ వైపు తిరిగి, పట్టికను ఒక్కో వరసా మళ్లీ చూశారు.

ఆమెను అట్లా చూడలేక నా నోటి నుంచి వచ్చిన మాట ఇప్పటికీ సిగ్గుచేటు. "చెప్పొద్దు మేడం. కోర్సు రానియ్యండి. వచ్చే ఏడు నిజంగా కొలుద్దాం. ఎట్లయినా ఆ నీళ్లు చెడ్డయే గద."

ఆమె ఇటు తిరిగారు. "అంటే ఆన్సర్ తెలుసు కాబట్టి రాసేద్దామంటావు" అన్నారు.

కమిటీ ముందు ఆమే చెప్పారు. పిల్లల పేర్లు ఎత్తలేదు, నా పేరూ ఎత్తలేదు. పట్టికలో సగం కొలిచింది కాదని, నేర్పడంలో తప్పు తనదని, అయినా కోర్సు ఎందుకు అవసరమో ఇదే చూపిస్తోందని అన్నారు. బయటి నుంచి వచ్చిన పెద్దమనిషి ఆమె నిజాయితీని మెచ్చుకున్నారు. మెచ్చుకుని, ఇంత చిన్న వయసులో పరిశోధన ఎందుకమ్మా, ముందు క్రమశిక్షణగా ల్యాబు నేర్చుకోనివ్వండి అన్నారు. పావుగంటలో తేలిపోయింది. బయటి పని వద్దు. బదులుగా వారానికి రెండు గంటల నీటి ప్రయోగాలు, అచ్చువేసిన మాన్యువల్, రికార్డుకు మార్కులు. రికార్డు అన్న మాట వినగానే నేను లేచి కేకలేశాను. ఈ జబ్బు పుట్టిందే అక్కడ అన్నాను. ప్రిన్సిపాల్ గారు తలుపు చూపించారు. దాన్ని ధడాలున వేసి బయటికొచ్చాను.

తర్వాత మెట్ల మీద మేడం కలిశారు. "నువ్వు తలుపు ఎలా వేశావో కూడా మీటింగు మినిట్స్‌లో రాసుకున్నారు. అది మాత్రం ఉన్నదున్నట్టే రాశారు" అన్నారు. నవ్వుదామని చూశారు, రాలేదు. జూన్ సంగతి నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. బ్యాగు సర్దుకుని బస్సు వైపు నడిచారు.

ఇన్నాళ్లూ సిలబస్‌ను తిట్టాను, కమిటీలను తిట్టాను, రికార్డులను తిట్టాను. ఇప్పుడూ తిడతాను, వాళ్లు చేసింది తప్పే. కానీ ఇరవై మంది పిల్లల చేతిలో ప్రశ్న పెట్టానని చెప్పుకుంటూ జవాబు పెట్టింది నేను. ఆ జవాబు నిజమైనా కావచ్చు. ఆరు వందల నలభై అని ఒక్కరోజు చూపిన మీటరును పట్టుకుని నీళ్లు మంచివని కూడా చెప్పలేను, ఆ మీటరుకు కనపడని విషాలు చాలా ఉంటాయి. పది శనివారాలు తిరిగాక ఆ నీళ్లు మంచివో చెడ్డవో మాకు తెలియదు, అంతే. మళ్లీ ఒకసారి పోయి యాదగిరి మామకు ఆ మాటే చెప్పాను. కాగితం లేదన్నాను. ఆయన కోప్పడలేదు. "మీరు గూడ గంతేనా అల్లుడా" అని కొట్లోకి పోయి, ఎవరికో పావుకిలో చక్కెర జోకడం మొదలుపెట్టాడు. చాయ్ తాగమనలేదు.

మీరు పోవాలనుకుంటే దారి పైన చెప్పిందే. ఒక్కొక్కరికి రానుపోను నూట ముప్పై దాకా అవుతుంది, పూట సరిపోతుంది. ఒక్క సలహా మాత్రం వినండి. పట్టికలో ప్రతి గడి కింద "కొలవలేదు, ఎందుకంటే" అని ఇంకో గడి గీయండి, దానికీ సమానంగా మార్కులుంటాయని మొదటి రోజే పిల్లలకు చెప్పండి. మీ దగ్గర కూడా కరపత్రం ఉంటే, అది ఆఖరి వారం దాకా సంచిలోనే ఉంచుకోండి.