గుట్ట ఎక్కడానికి అనుమతి

మొన్న అమీర్‌పేట మెట్రో కింద బండివాడు మామిడిపండు ముక్క కోసి, “జర తిని చూడు పెద్దమ్మా, తియ్యగ లేకుంటే పైసలొద్దు” అని చెయ్యి చాపితే, మా పండుగ కాకుండా తినకూడదు నాయనా అన్నాను. “తిననీకె సుత ముహూర్తమేంది పెద్దమ్మా!” అని నవ్వాడు.

మేము కోయవాళ్ళం. గుట్ట మీది దేవతకు తొలి కాయ పెట్టి, ఊరంతా పంచుకున్నాకే మామిడి నోట పెడతాం. ఇన్నేళ్ళుగా మధురానగర్‌లో ఒక్కదాన్నే ఉంటున్నా ఆ కట్టు నేను తప్పలేదు.

పంజగుట్టలో గుమాస్తాగా చేరిన తొలి వేసవిలో సెలవు చీటీ మీద తేదీ వేయలేక నేను పడ్డ అవస్థ నా ఈడువాళ్ళకు చెబితే అర్థమవుతుంది. ఒక్క అంకె తప్పినా కాగితం చింపి మళ్ళీ రాసే మనిషిని. కానీ కాయలో టెంక ముదరాలి, అడవికి పోయినవాళ్ళు తిరిగి రావాలి, అప్పుడు గదా పెద్దలు రోజు చెప్పేది, అది నాకు ముందుగా ఎలా తెలుస్తుంది? మా సూపరింటెండెంటు గోడ మీది క్యాలెండర్ చూపించి, “గిండ్ల యాడుందమ్మా మీ పండుగ? దసరా సుత తారీఖు చెప్పే వస్తది!” అని ఆటపట్టించి, చివరికి ఏటా తేదీ లేని చీటీ మీదే సంతకం పెట్టేవాడు. బస్సు డ్రైవరు చేత కబురు రాగానే బయలుదేరేదాన్ని.

తరవాత ఆనకట్ట ప్రాజెక్టు కోసం మా ఊరిని ఖాళీ చేయించారు. మావాళ్ళకు రోడ్డు పక్కన కాలనీ ఇచ్చారు. గుట్ట మునగలేదు గాని ప్రాజెక్టు కంచె లోపలికి పోయింది. తాతలు నడిచిన దారే అయినా ఎక్కాలంటే ఇప్పుడు అనుమతి కావాలి. అది మా హక్కేనని చట్టంలో ఉందట, ఇచ్చేవాళ్ళు మాత్రం దయ తలచినట్టు ఇస్తారు. దానికోసం తిరిగి తిరిగి మా తమ్ముడి చెప్పులు అరిగాయి. నిన్న ఫోన్ చేశాడు. అనుమతి వచ్చిందట, ఒక్క రోజుకు, కాలనీవాళ్ళకు మాత్రమే.

“నీ పేరు కూడా ఇచ్చానక్కా. హైదరాబాద్ అడ్రస్ అని కొట్టేశారు.”

పోనీలేరా, మీరైనా వెళ్ళిరండి అన్నాను.

ఇదివరకు దూరాన ఉన్న మనిషి వస్తోందంటే గుట్ట కింద ఊరంతా ఆగేది. నా బస్సు పొద్దుగూకే వేళకు చేరినా, నేను కాళ్ళు కడుక్కుని వచ్చేదాకా పూజారి కాయ మీద కత్తి పెట్టేవాడు కాదు. ఈసారి చీకటి పడకముందే అందరూ దిగిపోవాలట. నా కోసం ఆగమని ఎవరిని అడగను?