శాలిబండ దిగుడులో మా మామ

కాదు, సైకిల్ వల్ల కాదు, జ్వరం వల్ల. ఇరవై రోజులు ముద్దతీ జ్వరంతో, అదే టైఫాయిడ్‌తో, మంచం మీద ఉండి, పోయిన నెల ఒక శుక్రవారం పొద్దున మా మామ పోయాడు. సైకిల్ వల్లనా అని నన్ను ఎవరూ అడగలేదు. కానీ పలకరించడానికి ఇంటికి వచ్చిన ప్రతివాళ్లూ ముందు గోడకు ఆనించి ఉన్న సైకిల్‌ను చూశారు, తర్వాత నిట్టూర్చారు.

"రోజు గంత దూరం తొక్కితె మనిషేమైతడు చెప్పు" అన్నాడు ఒకాయన.

"లోపల వేడి వట్టింది. వేడి ముదిరితె జ్వరమే గద" అన్నాడు ఇంకొకాయన.

నేను తలుపు పక్కన నిలబడి ఉన్నాను. నాకు నలుగురిలో నోరు రాదు. అప్పుడు చెప్పలేకపోయినది ఇప్పుడు చెప్తున్నాను.

మామ అంటే మా అమ్మకు అన్న. నాకు మూడేళ్లప్పుడు నాయన పోతే, అమ్మనూ నన్నూ శాలిబండలో తన రెండర్రల ఇంటికి తీసుకొచ్చాడు. మామకూ అత్తకూ పిల్లలు లేరు. ఆయనది మూసీ అవతల ఒక ఇనుప కార్ఖానాలో ఫిట్టర్ పని. ఇంటి నుంచి చార్మినార్, పత్తర్‌గట్టి దాటి, నయాపూల్ మీదుగా ఐదు మైళ్ల పైనే పోవాలి. పొద్దున ఏడింటికి కార్ఖానా భోంగా కూస్తుంది. కూసిన వెంటనే గేటు మూస్తారు. మూసిన గేటు ఆ రోజుకు తెరవరు. మా దిక్కు మొదటి బస్సు వచ్చేసరికే భోంగా అయిపోతుంది. నడిస్తే రెండు గంటలు. కార్ఖానా పక్కన ఒక గది తీసుకొమ్మని తోటివాళ్లు చెప్పేవాళ్లట. ఒక గదిలో నలుగురం పట్టం. అందుకని సైకిల్. అది లేకపోతే నేనూ అమ్మా ఎక్కడ ఉండేవాళ్లమో నాకు తెలియదు.

సైకిల్ మీద పోవడం మామకు కష్టంగా ఉండేది కాదని నేను అనను. సాయంత్రం వచ్చి గడప మీద కూర్చుంటే కాసేపు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. అత్త చెంబుతో నీళ్లిస్తే సగం తాగి, సగం మోకాళ్ల మీద పోసుకునేవాడు. తర్వాత మెల్లగా మాటలు వచ్చేవి. ఈ రోజు నది మీద పొగమంచు ఉందనీ, పత్తర్‌గట్టిలో ఒక దుకాణానికి కొత్త రంగు వేశారనీ చెప్పేవాడు. "బస్సుల కూసుంటె ముందటోని వీపు కనబడ్తది. సైకిల్ మీద కూసుంటె పట్నమంత కనబడ్తది" అనేవాడు.

ఉర్దూ బడిలో నేను నాలుగు జమాతులు చదివి మానేశాను. తెలుగు అక్షరాలు మామ నేర్పాడు. కార్ఖానా నుంచి వచ్చినప్పుడు సైకిల్ మడ్‌గార్డ్ మీద సన్నటి దుమ్ము ఉండేది. దాని మీద వేలితో అక్షరం రాసేవాడు. నేను కింద అదే రాయాలి. సరిగ్గా వస్తేనే గుడ్డతో తుడిచేవాడు. వానాకాలంలో దుమ్ము ఉండదు కాబట్టి నాకు చదువు ఉండేది కాదు.

ఆయనకు ఇంకొక అలవాటు. దారిలో గుర్రపు నాడా మేకు కనబడితే చాలు, ఎంత తొందరలో ఉన్నా ఆగి ఏరుకునేవాడు. టాంగా గుర్రాల నాడాల నుంచి ఊడిపోయే ఆ మేకులే సైకిల్ టైర్లకు యముళ్లు. దేశాల మధ్య లడాయి మొదలైనప్పటి నుంచి కొత్త టైర్లు దొరకడం లేదు. ఇంట్లో ఒక డబ్బా నిండా ఆ మేకులే ఉన్నాయి. "గివన్ని ఎందుకయ్యా, ఇల్లు కడ్తవా?" అని అత్త ఎగతాళి చేస్తే, "నా ఎనక ఎంతమంది వస్తరో, ఒక్కని టైరన్న బతుకుతది" అనేవాడు.

నేను మా గల్లీ మూలమీది సైకిల్ దుకాణంలో పంక్చర్లు వేసేవాణ్ని. దుకాణం ఉస్తాద్‌కు మామను ఆటపట్టించడం ఇష్టం. ఎందుకంటే మామ చేసే ఒక పని శాలిబండలో ఇంకెవరూ చేయరు. సాయంత్రం వచ్చేటప్పుడు, ఎంత అలసిపోయినా, శాలిబండ ఎక్కుడు మొత్తం లేచి నిలబడి తొక్కుతూ ఎక్కేవాడు. పొద్దున పోయేటప్పుడు మాత్రం, చార్మినార్ వైపు దిగుడు రాగానే సైకిల్ దిగి, హ్యాండిల్ పట్టుకొని కిందిదాకా నడిచేవాడు. చిన్నపిల్లలు కూడా కాళ్లు చాపుకొని గాలిలా జారిపోయే దిగుడు అది.

"ఏం భాయ్, ఎక్కుడుల తొక్కుతవ్, దిగుడుల నడుస్తవ్. సైకిల్‌ను నువ్వు కొన్నవా, సైకిల్ నిన్ను కొన్నదా?" అనేవాడు ఉస్తాద్. దుకాణం ముందున్నవాళ్లంతా నవ్వేవాళ్లు.

"ఎక్కేటప్పుడు దాన్ని నేను నడుపుత ఉస్తాద్. దిగేటప్పుడు అది నన్ను నడుపుతది. గందుకే దిగుత" అనేవాడు మామ.

నాకు తల కొట్టేసినట్టు ఉండేది. ఒకరోజు ఇంట్లో అడిగాను.

"ఏంది మామా, అందరు నవ్వుతున్నరు."

"నవ్వనియ్ రా. ఖర్చేముంది వాళ్లకు? బ్రేకు సక్కగ పట్టుతలేదు, గంతే."

నేను ఆ మాట నమ్మాను. బ్రేకు రబ్బర్లు బజార్లో ఎక్కడా లేవు. పాత లారీ టైరు ముక్క దొరికితే, నాలుగు రోజులు కోసి, ఆకురాయితో రుద్ది, రబ్బర్లు చేసి బిగించాను. మామ గల్లీలో తొక్కి చూశాడు. పట్టగానే చక్రం నిలబడిపోయింది. "మస్తు పట్టింది రా. చెయ్యి కుదిరింది నీకు" అని నా తల మీద చెయ్యి వేశాడు.

మర్నాడు పొద్దున దుకాణం తెరవడానికి పోతూ చూశాను. దూరంగా, దిగుడు మొదట్లో మామ మళ్లీ దిగి నడుస్తున్నాడు. నా పని మీద నమ్మకం లేదనుకున్నాను. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన ఎందుకని అడగలేదు, నేనూ చెప్పలేదు. తర్వాత ఒక నెలకే జ్వరం వచ్చింది.

పదో రోజు కార్యం అయిపోయాక కార్ఖానా మిస్త్రి ఇంటికి వచ్చాడు. మామ దగ్గర పని నేర్చినవాడు. అరుగు మీద కూర్చొని అమ్మతో అన్నాడు, "అన్న జాగ ఖాళీగ ఉన్నదమ్మా. పోరన్ని పంపుండ్రి, చిన్న పనికి పెట్టుకుంట. సోమవారం భోంగా కన్న ముందు గేటుల ఉండాలె. లేకుంటె పెద్ద దొర ఇంకొకన్ని పెడ్తడు, నా చేతుల లేదు."

ఆయన పోగానే అమ్మ ఏడుపు అందుకుంది. "నా అన్నను తిన్నది ఆ సైకిల్. ఇగ నా కొడుకును గూడ తింటదా? అమ్మేద్దాం వదినా."

అత్త పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. "జ్వరం తిన్నది, సైకిల్ గాదు. దాన్ని అమ్మితె రేపటిసంది మనం తినేదేంది?" అంది. అంతే. ఆదివారం ఆమే మడ్‌గార్డ్ తుడిచింది.

సోమవారం జొన్నరొట్టె మూట హ్యాండిల్‌కు తగిలించుకొని బయలుదేరాను. అమ్మ చెప్పే జాగ్రత్తలు వినేసరికే ఆలస్యమైంది. దిగుడు మీదికి వచ్చాను. బ్రేకు నేను చేసింది. అది ఎంత గట్టిగా పడుతుందో నాకు తెలుసు. దిగలేదు. మామ మీద పాత కోపం కూడా కొంచెం ఉందేమో.

ఆ సైకిల్ మడ్‌గార్డ్ వదులై టకటకమని చప్పుడు చేస్తుంది. గంట ఎప్పుడో పాడైపోయింది. సగం దిగుడులో ఒక ముసలామె, తల మీద ఇత్తడి పాలబిందెతో, ఒక కాలు కుంటుతూ నడిరోడ్డు మీద పోతోంది. చప్పుడు విని జరుగుతుందనుకున్నాను. ఆమె జరగలేదు. నడక నెమ్మది చేసి, బిందె దించి వెనక్కి చెయ్యి చాపింది, ఎవరికో అందిస్తున్నట్టు. అరుద్దామంటే నా నోరు రాలేదు. రెండు బ్రేకులూ నొక్కాను. చక్రాలు ఆగాయి గానీ సైకిల్ అడ్డంగా జారింది. మోకాలు రాళ్లకు రాసుకొని పడ్డాను. ముందు చక్రం ఆమె చీర అంచు మీద ఆగింది. బిందెలోంచి పాలు తొణికి నా చేతుల మీద పడ్డాయి.

"ఏందయ్యా ఇయ్యాల..." అంటూ తిరిగిన అవ్వ నన్ను చూసి ఆగిపోయింది. "నువ్వెవడివి రా? గీ సైకిల్ నీకెక్కడిది?"

"మా మామది."

"మామేడి? జ్వరమని ఎవరో అన్నరు, తగ్గిందా?"

నేను తల అడ్డంగా ఊపాను. ఆమెకు అర్థమైంది. బిందె కింద పెట్టి రోడ్డు పక్కన రాయి మీద కూర్చుంది. తన వంకర కాలు చూపించింది.

"పన్నెండేండ్ల కింద గిదే దిగుడుల గుద్దిండు. కొత్త సైకిల్, భోంగా యాళ్ల. కాలు ఇరిగింది. భోంగా వదిలి నన్ను దవాఖానకు తీస్కపోయిండు. గప్పటిసంది దిగి నడుస్తడు. నా బిందె హ్యాండిల్‌కు తగిలిచ్చుకొని కింద హోటల్ దాక తెచ్చిస్తడు. గీ టకటక ఇంటె నేను ఎనకకు సూడ, పక్కకు జరుగ. ఎందుకు జరగాలె? ఆయన నడిచే వస్తడు గద."

"బ్రేకు బాగ చేసిన అవ్వా" అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

"నువ్వేనా? చెప్పిండు. మా అల్లుడు బ్రేకు చేసిండు, తాళమేసినట్టు పట్టుతది అన్నడు. మరింక నడుసుడెందుకయ్యా అంటె, 'బ్రేకు పోరనిది మంచిదే అవ్వా, భయం నాది' అన్నడు." కొంగుతో నా మోకాలి నెత్తురు అద్దింది. "లే బిడ్డా. నీకు గూడ భోంగా ఉంటది గద."

బిందెను హ్యాండిల్‌కు తగిలించుకొని కిందిదాకా ఆమెతో నడిచాను. తర్వాత ఎంత తొక్కినా లాభం లేదు. నేను పోయేసరికి గేటు మూసి ఉంది. మధ్యాహ్నం దాకా బయటే నిలబడ్డాను. మిస్త్రి వచ్చి నా మోకాలు చూశాడు.

"దిగుడుల పడ్డవా?"

తల ఊపాను.

"మీ మామ దిగి నడిచి గూడ ఎన్నడు గేటు మూసినంక రాలే. కాలు ఇరగ్గొట్టిన ఆ ఒక్కనాడు తప్ప. పావుగంట ముందల ఎల్లేటోడు, నడిచేటందుకని. దొరకు నేను చెప్పుకుంట. రేపు రా. మల్ల గిట్లయితె ఇగ రాకు."

ఇప్పుడు మూడు వారాలైంది. పావుగంట ముందే లేస్తున్నాను. నాకు ఆయన కాళ్లు లేవు. సాయంత్రం ఎక్కుడులో సగం నడిచే వస్తున్నాను. ఉస్తాద్ చూస్తాడు గానీ నవ్వడు. గడప మీద కూర్చుంటే మాట రాదు. అత్త చెంబు ఇస్తే మోకాళ్ల మీద పోసుకుంటాను. మొన్న నయాపూల్ మీద ఒక నాడా మేకు దొరికితే తెచ్చి డబ్బాలో వేశాను.

నాలుగు రోజుల నుంచి అవ్వ రావడం లేదు. కాలు బాగా నొస్తోందట, మనవడు వేరే దారిలో పాలు పోస్తున్నాడట. నిన్న పొద్దున ఒంట్లో బాగాలేక లేవడం ఆలస్యమైంది. దిగుడు మీద ఒక కాలు నేల మీద, ఒక కాలు పెడల్ మీద పెట్టి ఆగాను. పైనుంచి కిందిదాకా రోడ్డు మీద ఒక్క మనిషి లేడు. బ్రేకు గట్టిగా పడుతుంది, అది నేను చేసిందే. గేటు మూస్తే నా నౌకరీ పోతుంది. మడ్‌గార్డ్ మాత్రం గాలికి మెల్లగా టకటకమంటోంది. మీరైతే ఏం చేసేవాళ్లు?