అల్ హైల్ ఎండలో ఉన్ని స్వెట్టర్

ఇది ఒక మహాగాథ. ఇందులో మూడు దేశాలున్నాయి, రెండు సముద్రాలున్నాయి, ఒక మహానటుడు ఉన్నాడు, ఆయన్ని రమ్మని పిలిచే మంచు నేల ఉంది. చదివేవాళ్లు పక్కన తువ్వాలు పెట్టుకోవడం మంచిది.

అని మొదలుపెట్టాలని చాలా ఉంది. జరిగింది మాత్రం ఇంతే: ఒక ముసలాయన కుర్చీలో కూర్చుని ఫోను వంక చూస్తూ మాట్లాడారు. నేను ఎదురుగా నిలబడి కాగితం చూసి చదివాను. తువ్వాలు నిజంగానే వాడాం, చెమట తుడుచుకోవడానికి.

మస్కట్‌లో, అల్ హైల్‌లోని ఒక విల్లాలో నేను డ్రైవర్ని. వీసా మీద తోటమాలి అని ఉంటుంది. దీనికి ఎవరూ ఆశ్చర్యపోనక్కర్లేదు. మా జగిత్యాల వైపు నుంచి వచ్చి, వీసా మీద రాసిన పనే చేస్తున్న మనిషిని నేనింకా చూడలేదు. పొద్దున మేడమ్‌ను అల్ ఖువైర్‌లో బ్యాంకు దగ్గర దింపుతాను, సాయంత్రం తీసుకొస్తాను. ఈ మధ్యలో ఆవిడ నాన్నగారికి తోడుగా ఉండాలి. ఆ నాన్నగారే మహానటుడు.

మహానటుడు అన్నది నా మాట. ఆయన తనను తాను "మూడో కుర్చీ" అనుకునేవారు. సినిమాలో బల్ల చుట్టూ పెద్దమనుషులు కూర్చుని యుద్ధం చేయాలా వద్దా అని మాట్లాడుకుంటారు చూడండి, అందులో మొదటి కుర్చీ హీరోది, రెండోది విలన్‌ది. మూడో కుర్చీలో కనుబొమలు ముడిచి దగ్గే ఆయన మా సార్. ఇంగ్లండులో ఓడరేవు ఉన్న ఊళ్లో, బేకరీ నడిపే ఇంట్లో పుట్టారు. కుర్రతనంలోనే ఓడెక్కి కెనడా పోయారు. అక్కడ రేడియో నాటకాల్లో దొరికిన మొదటి వేషం గుర్రం. డెక్కల చప్పుడు చేయాలి, అవసరమైనప్పుడు సకిలించాలి.

"చాలాకాలం గుర్రంగా బతికాను, లాడ్. బాగా చేస్తున్నానని మనిషిగా ప్రమోషన్ ఇచ్చారు" అన్నారొకసారి. లాడ్ అంటే వాళ్ల ఊరి వైపు పిల్లగా అన్నట్టు. ఆయన ఇంగ్లీషును నాకు అర్థమైనంత మేరకు తెలుగులో రాస్తున్నాను. తప్పులుంటే గుర్రానివి కావు, నావి.

మనిషయ్యాక స్టేజీ ఎక్కారు, టీవీకి వెళ్లారు, సినిమాలకూ వెళ్లారు. జడ్జి, పాదిరి, పోలీసు పెద్ద, రాయబారి, దయ్యం, దయ్యాన్ని చూసి చచ్చిపోయే ముసలాడు, అన్నీ వేశారు. కెనడాలో ఇంగ్లీషు దొర కావాలంటే ఆయన్ని పిలిచేవారు. లండన్‌లో కెనడా మనిషి కావాలన్నా ఆయన్నే పిలిచేవారు. అక్కడివాళ్లకి ఇక్కడివాడు, ఇక్కడివాళ్లకి అక్కడివాడు. నాకది కొత్తగా అనిపించలేదు. మా ఊళ్లో నేను మస్కటోణ్ని, మస్కట్‌లో హిందీని, అంటే ఇండియావాణ్ని.

ఆయన ముఖం అందరికీ తెలుసు, పేరు ఎవరికీ తెలియదు. హైపర్ మార్కెట్‌లో ఒక కేరళ నర్సు ఆయన్ని ఆపి, తను ఇదివరకు పనిచేసిన ఆస్పత్రిలో పెద్ద డాక్టరు ఆయనేనని గట్టిగా వాదించింది. ఆయన కాదనలేదు. ఆవిడ నాలుక చూసి, నీళ్లు ఎక్కువ తాగమని చెప్పి వచ్చారు.

కెనడాలో ఒక చెరువు ఒడ్డున ఆయనకి చెక్క ఇల్లుంది. భార్యను ఆ చెరువు పక్కనే సమాధి చేశారు. ఆవిడ పోయాక అక్కడ ఒంటరిగా ఉంటూ, మంచు మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. అప్పుడు మేడమ్ వెళ్లి ఇక్కడికి తీసుకొచ్చారు. ఒంటరిగా విమానం ఎక్కొద్దని డాక్టరు చెప్పాడు. వెంట వెళ్లడానికి మేడమ్‌కు సెలవు దొరకదు. అందుకని ఆయన రోజూ వంటింట్లోకి వచ్చి, ఫ్రీజర్ తలుపు తీసి, అందులో తలపెట్టి కళ్లు మూసుకుని ఊపిరి పీల్చుకునేవారు.

మా వంటాయన కడప భాయ్. ఆయన బాధ వేరు.

"చూడబ్బా, ఆయప్ప మళ్లా వచ్చినాడు. ఐస్ క్రీమంతా కరిగి పాయసమైపోతాంది. నువ్వైనా చెప్పరాదా?"

"ఏమని చెప్పాలె భాయ్? మీ ఊరు మా ఫ్రీజర్ల లేదని చెప్పాలెనా?"

 మర్నాటి నుంచి భాయ్ ఐస్ క్రీమ్ కింది అరలో పెట్టడం మొదలుపెట్టాడు.

అలా ఉండగా, ఒకప్పుడు సార్‌కు వేషాలు చూసిపెట్టిన ఏజెంటు కెనడా నుంచి మెయిల్ పంపాడు. ఆ ఏజెంటు బతికే ఉన్నాడని తెలిసి సార్ ముందు సంతోషించారు. ఒక సినిమాలో లైట్‌హౌస్ కాపలా ముసలాడి వేషం ఉందట. షూటింగ్ కెనడా సముద్రం ఒడ్డున. వేషం దొరికితే టికెట్టు సినిమా కంపెనీదే, వెంట ఉండి చూసుకునే మనిషి కూడా వాళ్ల మనిషే. షూటింగయ్యాక ఇంటికి పోయి, చెరువు చూసి, భార్య దగ్గర కాసేపు కూర్చుని రావచ్చు.

"కంపెనీ టికెట్, లాడ్!" అన్నారు. ఆ మాటకు నాకు తర్జుమా అవసరం లేదు. గల్ఫ్‌లో ఉన్నవాడెవడికీ అవసరం లేదు.

ఇప్పుడు ఆడిషన్‌కు ఎక్కడికీ పోనక్కర్లేదట. ఇంట్లోనే ఫోనుతో వీడియో తీసి పంపాలి. అవతలి పాత్ర మాటలు ఎవరో ఒకరు ఫోను వెనక నిలబడి చదవాలి. చదివేవాళ్లు కనిపించకూడదు, నటించకూడదు, ఉత్తినే చదవాలి. మేడమ్ బ్యాంకులో ఉంటారు. భాయ్‌కు ఇంగ్లీషు చదవడం రాదు. మిగిలింది తోటమాలి.

సీన్‌లో లైట్‌హౌస్ ముసలాడు, పట్నం ఆస్పత్రిలో ఉన్న భార్యకు ఫోన్ చేస్తాడు. నాది భార్య పాత్ర.

ఆ సంగతి మా ఆవిడకు ఫోన్లో చెప్పాను.

"ఏం జేస్తున్నవ్?"

"యాక్టింగ్."

"ఎన్నడు బంజేసినవ్ గని."

"నిజంగనే. ఆడమనిషి ఏషం."

"చీర కట్టినవా?"

"గొంతు ఒక్కటే."

"గా గొంతుకు ఎవలు పడ్తరు?"

"నువ్వు పడ్డవ్ గదా."

అటు నుంచి చప్పుడు లేదు.

"హలో... హలో... ఇనవడ్తుందా?"

"ఇనవడ్తుంది తియ్. నవ్వుతున్న."

"నవ్వితే జెర సప్పుడు జేసి నవ్వు. నెట్ పోయిందనుకున్న."

మా కాపురం మొత్తం ఇదే. పెళ్లయ్యాక ఎదురెదురుగా మాట్లాడుకున్నదానికంటే "ఇనవడ్తుందా" అని అడుక్కున్నదే ఎక్కువ.

రికార్డింగ్ రోజు ఏసీ ఆపాల్సి వచ్చింది, దాని రొద ఫోన్లో పడుతోంది కాబట్టి. కథ చలిదేశంలోది కాబట్టి సార్ ఉన్ని స్వెట్టర్ వేసుకుని, మెడకు మఫ్లర్ చుట్టుకుని, వేషం కోసం తన ఫోను చెవి దగ్గర పెట్టుకున్నారు. వీడియో నా ఫోన్లో. బయట అల్ హైల్ మే నెల. టేక్ అయిన ప్రతిసారీ భాయ్ ఐసు నీళ్లలో ముంచిన తువ్వాలు తెచ్చి ఆయన మెడ మీద వేసేవాడు. మొదటి టేక్‌లో నీళ్ల ట్యాంకరు రివర్సు చేసుకుంటూ వచ్చింది. తర్వాతి టేక్‌లో మసీదులో అజాన్ మొదలైంది. సార్ మఫ్లర్‌తో సహా తల వంచుకుని అది అయ్యేదాకా కూర్చున్నారు. ఆ తర్వాత భాయ్ కుక్కర్ కూసింది.

"భాయ్! కెనడాల కుక్కర్ ఏడికెళ్లొచ్చింది?"

"కెనడాలో పప్పు తినరా ఏంది? నువ్వు చదవబ్బా హీరోయినూ, నీ మొగుడు ఉడికిపోతాండాడు."

చివరికి ఒక టేక్ కుదిరింది. తిన్నావా, పొయ్యి వెలిగించుకున్నావా అని నేను చదువుతున్నాను. ఆయన జవాబులిస్తున్నారు. జడ్జి లేడు, పాదిరి లేడు. అక్కడ చలికి వణికే ముసలాడు ఒక్కడే ఉన్నాడు. చెమట కారుతూనే వణికారు, అది ఎలా చేశారో నాకిప్పటికీ తెలియదు. ఆఖర్న, "మొదటి పడవకే వచ్చేస్తావు కదా?" అని అడిగారు.

ఇక్కడ కాగితంలో భార్య మాట్లాడదు అని ఉంది. ఆవిడ రాదు, ఆ సంగతి చెప్పలేకపోతోంది. ముసలాడు ఆ మౌనం విని ఫోన్ పెట్టేయాలి. నా పని నోరు మూసుకోవడం. ప్రపంచంలో ఇంతకంటే సులువైన వేషం లేదు.

మౌనం వచ్చింది. అలాగే ఉండిపోయింది. నా నోరు నన్ను అడక్కుండా తెరుచుకుంది.

"హలో... హలో... ఇనవడ్తుందా?"

వంటింటి గుమ్మంలో భాయ్ నెత్తి కొట్టుకున్నాడు. నాకు కాళ్ల కింద టైల్సు తీసి అందులో దూరాలనిపించింది.

సార్ నా వైపు తిరగలేదు. రోజూ వరండాలో నేను ఫోన్ పట్టుకుని అదే కేక వేస్తుంటే విని విని, దానర్థం ఆయనకు ఎప్పుడో తెలిసిపోయింది. ఎదురుగా ఉన్న నా ఫోను వంకే చూస్తూ, "వినపడుతోంది" అన్నారు. తర్వాత ఇంకా మెల్లగా, "పెట్టెయ్యకు" అన్నారు.

ఆ రెండు మాటలూ కాగితంలో లేవు. ఫోన్ పెట్టేయాలని ఉంది కానీ పెట్టలేదు. చెవి దగ్గర అలాగే పట్టుకుని కూర్చున్నారు. ఎంతసేపు ఉండేవారో తెలియదు కానీ, ఇంతలో నా ఫోన్లో స్టోరేజ్ నిండి రికార్డింగ్ ఆగిపోయింది.

సాయంత్రం వీడియో చూసి మేడమ్ కంగారుపడ్డారు.

"నాన్నా, మధ్యలో ఏదో పరాయి భాష వచ్చింది. వాళ్లు తీసి పారేస్తారు. ఇంకోటి తీద్దాం. మీకు ఇంటికి వెళ్లాలని ఉందా, లేదా?"

"ఉంది. అందుకే ఇది పంపు."

పంపారు. ఆయన అటక మీది సూట్‌కేసు నాచేత దింపించారు. ఉన్ని మేజోళ్లు ఉతికించి అల్ హైల్ ఎండలో ఆరేయించారు. ఫ్రీజర్ దగ్గర నిలబడడం మానేశారు. అసలుదే వస్తుంటే నకలు ఎందుకు?

"నిన్ను గూడా తీసుకపోతాడేమో అబ్బా" అన్నాడు భాయ్.

"నేను తోటమాలిని భాయ్. మంచుల ఏం పెంచుత?"

కొన్నాళ్లకు మెయిల్ వచ్చింది. వేషం ఆయనకే. ఫోన్ పెట్టకుండా ఉండిపోయిన ఆ ముక్క దర్శకుడికి బాగా నచ్చిందట. ఆ గొంతు ఎవరిదని అడిగారు. మేడమ్ నా వీసా పత్రాలు చూసి, తోటమాలిది అని జవాబు రాశారు. భాయ్ సేమ్యా పాయసం పొయ్యి మీద పెట్టాడు.

ఆ మెయిల్‌కు కింది భాగం ఒకటుంది. మేడమ్ అది ముందు లోపలే చదువుకుని, తర్వాత పైకి చదివారు. కెనడాలో ఖర్చు ఎక్కువవుతోందని షూటింగ్ చోటు మార్చారు. పొగమంచు, తుంపర, సముద్రం, కొండ, అన్నీ ఒకేచోట దొరికే ఊరు చూసుకున్నారట. సలాలా. ఖరీఫ్‌లో. ఖరీఫ్ అంటే మనకు వానాకాలం పంట, వీళ్లకు వానాకాలమే.

"సలాలా ఎక్కడుంది?" అన్నారు సార్.

"ఈడనే సార్. ఒమన్‌లనే. కార్ల పోవచ్చు. విమానం అక్కర్లేదు."

"అక్కర్లేదా" అన్నారు.

లేచి వంటింట్లోకి వెళ్లారు. ఫ్రీజర్ తలుపు తీసిన చప్పుడు వినపడింది. భాయ్ లోపలికి పోకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. పొయ్యి మీద పాయసం అడుగంటింది. 

మస్కట్ నుంచి సలాలాకు నేనే తీసుకెళ్లాను. దారి పొడవునా ఇసుక, ఇసుక తర్వాత ఇసుక. ఉన్నట్టుండి కొండ ఎక్కగానే పచ్చదనం, తుంపర, రోడ్డుకు అడ్డంగా తడిసిన ఒంటెలు. సముద్రం ఒడ్డున కెనడా ఇల్లు కట్టారు. ముందు నుంచి చూస్తే తలుపు, కిటికీ, పొగగొట్టం అన్నీ ఉన్నాయి. వెనక్కి వెళ్లి చూశాను. ప్లైవుడ్, దాన్ని పడకుండా పట్టుకున్న కర్రలు, ఒక జనరేటరు, యూనిట్ వాళ్ల బిర్యానీ పొట్లాలు.

సార్ పని ఒక్కరోజులో అయిపోయింది. అందరూ సామాన్లు సర్దుకుంటుంటే ఆయన మాత్రం స్వెట్టర్ విప్పకుండా ఆ తలుపు మీద చెయ్యి పెట్టి నిలబడ్డారు. పొగమంచులో సముద్రం చెరువులా కనపడుతోంది. ఆయన వెనక్కి పోలేదు. నేనూ వెనక ఏముందో చెప్పలేదు. జీవితంలో నేను మింగేసిన జోకు అదొక్కటే.

"చాలా దగ్గరగా ఉంది, లాడ్."

"ఏది సార్?"

"చలి తప్ప అంతా."

కారెక్కాక, కొండ మలుపులో ఒక్క నిమిషం ఆపమన్నారు. ఇంకోసారి చూసి పోదామన్నారు. ఆ ఇల్లు కనిపించేలా కారు వెనక్కి తిప్పి ఆపాను. తుంపర ఎక్కువైంది. వైపర్ వేశాను. అద్దం అంతా పాలు పులిమినట్టయింది. ఆయన ముందుకు వంగి, కళ్లు చిట్లించి చూశారు. ఏమీ కనపడలేదు. ఇంకోసారి వేశాను, ఇంకా పులుముకుంది.

మస్కట్ ఎండకు వైపర్ రబ్బర్లు ఎండి పగిలిపోతాయి. ఖరీఫ్‌కు సలాలా వెళ్లేవాళ్లు బయల్దేరే ముందే మార్చుకోవాలి. నాలాగా మర్చిపోతే సలాలా పక్కనే ఉన్న రైసూత్‌లో దొరుకుతాయి, శుక్రవారం తప్ప.