మా నాయిన సీరియస్

నేను చదివింది ఇంగ్లీషు మీడియమే. ఖాజాగూడలో మా ఇంటి వెనక గల్లీలో రేకుల కప్పు కింద నడిచిన బడి అది. పుస్తకాలు ఇంగ్లీషులో ఉండేవి, పాఠం తెలుగులో చెప్పేవారు, పరీక్ష మళ్ళీ ఇంగ్లీషులో రాసేవాళ్ళం. అర్థం కాకపోతే లేచి నిలబడి డౌట్ అనేవాళ్ళం. పెదనాన్న కొడుకుని కజిన్ బ్రదర్ అనేవాళ్ళం. మా చుట్టుపక్కల అందరూ అలాగే అనేవారు, అందరికీ అర్థమయ్యేది. అవి తప్పు మాటలని నాకు హైటెక్ సిటీలో ఉద్యోగం దొరికేదాకా ఎవరూ చెప్పలేదు.

చెప్పింది మా టీమ్ లీడ్. కూకట్‌పల్లిలో పెరిగిన మనిషి. వాళ్ళ నాన్నగారి కాలంలో గోదావరి వైపు నుంచి వచ్చి స్థిరపడ్డారట. పైవాళ్ళతో ప్రతి మాటకీ అండీ తగిలించేది, మమ్మల్ని అమ్మా, నాన్నా అని పిలిచేది. గొంతు పెంచడం నేనెన్నడూ వినలేదు. చేరిన మొదటి వారంలో మీటింగులో నేను, "మేడమ్, ఐ హావ్ ఎ డౌట్" అన్నాను.

"ఎవరి మీదమ్మా?" అంది ఆవిడ.

నాకు తెలియలేదు. అందరూ నవ్వారు కనక నేనూ నవ్వాను.

"డౌట్ అంటే అనుమానం. నీకు ఉన్నది క్వశ్చన్. ఇంకోటి, ఈ మేడమ్ ఏంటి, ఇదేమన్నా స్కూలా? పేరు పెట్టి పిలువు."

నాకంటే పదేళ్ళు పెద్దదాన్ని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. ఆ తర్వాత ఆమెని ఏమీ అని పిలవకుండానే పని జరుపుకున్నాను. ఏదన్నా అడగాలంటే వెళ్ళి పక్కన నిలబడేదాన్ని. ఆవిడ తల తిప్పేదాకా అలాగే ఉండేదాన్ని. తిప్పాలని లేకపోతే తిప్పేది కాదు.

భోజనాల దగ్గర అదొక ఆట అయింది. పొద్దున నేను అన్న మాట ఏదో ఒకటి ఆవిడ టిఫిన్ డబ్బా మూత తీస్తూ గుర్తు చేసేది. నేను అన్నట్టే, నా యాసలోనే అనేది. బాగా అనుకరించేది, అది ఒప్పుకోవాలి. అందరికంటే గట్టిగా నవ్వేది నా పక్క సీటు అతను. కడప వైపు మనిషి, నాకంటే ఏడాది ముందు చేరాడు. ఒకరోజు లిఫ్టులో మేమిద్దరమే ఉన్నప్పుడు చెప్పాడు, "ఏమనుకోవద్దు. ఇన్నాళ్ళూ నన్నే పట్టుకోనుండె. నువ్వొచ్చినాక నాకు శానా నెమ్మదిగా ఉండాది." నిజం చెప్పినందుకు నాకు అతనిమీద కోపం రాలేదు. కానీ మర్నాడు కూడా అంతే గట్టిగా నవ్వాడు.

మా నాయిన రాళ్ళు కొట్టేవాడు. మణికొండ నుంచి ఇటు గచ్చిబౌలి దాకా గుట్టలు కరిగి అపార్ట్‌మెంట్లు లేచిన కాలమంతా ఆయన చేతిలో సుత్తి ఉంది. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. చివరికి మెట్టు ఎక్కితే ఆయాసం, పడుకుంటే దగ్గు. ఒక ఆదివారం పొద్దున ఊపిరి అందక పెదాలు నల్లబడితే దవాఖానలో చేర్చాం.

సోమవారం ఆఫీసుకి బయల్దేరబోతుంటే అమ్మ దవాఖాన నుంచి ఫోన్ చేసింది.

"బిడ్డా, డాక్టర్ సాబ్ వచ్చి పోయిండు. స్టేబుల్ అన్నడు. స్టేబుల్ అంటే ఏంది?"

"మంచిగనే ఉన్నట్టమ్మా. ఫికర్ చెయ్యకు."

"మంచిగనే ఉన్నడా?"

"ఆఁ, మంచిగనే."

ఆ మాట నమ్మి అమ్మ ఇంత జావ తాగి, నాయిన మంచం పక్కన కింద చాప పరుచుకుని పడుకుందట. ఆదివారం నుంచి ఆమె నడుం వాల్చడం అదే మొదలు. నేనూ నా మాటే నమ్మి ఆఫీసుకి వెళ్ళాను. స్టేబుల్ అంటే ఉన్నచోటే ఉండటం అని, ఆయన ఉన్నచోటు ఏమంత మంచిది కాదని నాకు తట్టలేదు.

మధ్యాహ్నం మళ్ళీ ఫోన్. అమ్మే. "నర్సమ్మ సీరియస్ అంటున్నది. జల్ది రా."

నేను లేచి టీమ్ లీడ్ పక్కన నిలబడ్డాను. స్క్రీన్ మీద ఏదో చూస్తోంది. ఈసారి ఆగలేదు, నేనే అన్నాను. తెలుగులో చెప్పి ఉండొచ్చు. కానీ సెలవు అడిగేటప్పుడు ఇంగ్లీషులో అడిగితే మర్యాదగా ఉంటుందని అప్పటికి మనసులో పడిపోయింది.

"మై ఫాదర్ ఈజ్ సీరియస్. ఐ వాంట్ లీవ్."

ఆవిడ కుర్చీ తిప్పింది. ముఖంలో భోజనాల దగ్గర కనపడే వెలుగు వచ్చింది.

"సీరియస్సా? మా నాన్నగారూ అంతేనమ్మా, పుట్టి బుద్ధెరిగాక ఆయన నవ్వగా చూడలేదు. దానికి లీవెందుకు?"

నవ్వారు. ఎవరెవరు నవ్వారో నేను చూడలేదు, పక్క సీటు గొంతు మాత్రం వినిపించింది. నేను తెలుగులోకి వచ్చాను. "దవాఖానల ఉన్నడు. పానం మీదికొచ్చింది."

ఆవిడకి అర్థమైంది. అర్థమైనట్టు ముఖం మారింది కూడా. నవ్విన నవ్వుని వెనక్కి తీసుకోవడం కష్టమై కాబోలు, గడియారం చూసుకుంది. సాయంత్రానికి క్లయింట్‌కి ఇవ్వాల్సిన పని నా దగ్గర ఉంది.

"లెట్ మీ సీ," అంది.

వెళ్ళి కూర్చున్నాను. తెలుగులో చూద్దాం అంటే కాదని అర్థం, అది నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఇంగ్లీషులో అంటే నిజంగానే చూస్తారనుకున్నాను. ఆ మనిషి లేచి ఎవరితోనో మాట్లాడి, నా పని ఇంకొకరికి అప్పగించి, వెళ్ళమ్మా అంటుందని ఎదురుచూశాను. ఆవిడ కాఫీకి వెళ్ళి వచ్చింది. వేరే మీటింగుకి వెళ్ళింది. నేను పని చేస్తూనే ఉన్నాను. మూడోసారి అమ్మ ఫోన్ వచ్చినప్పుడు అందులో ఏడుపే ఉంది. బ్యాగు తీసుకుని ఎవరికీ చెప్పకుండా దిగిపోయాను.

దవాఖానకి చేరేసరికి మంచం చుట్టూ తెర లాగి ఉంది. నర్సు నా చేయి పట్టుకుని, "ఎక్స్‌పైర్డ్ అమ్మా" అంది. మెల్లగానే అంది. ఆ రోజు నాతో ఎవరన్నా మెత్తగా అన్న మాట అదొక్కటే. అమ్మ నా వైపు చూడలేదు. గోడకి ఆనుకుని, "మంచిగనే ఉన్నడంటివి కదనే" అంది. అదే మాట చాలాసేపు అంది.

వరండాలో నిలబడి ఫోన్‌లో ఆఫీసుకి మెయిల్ పెట్టాను. నర్సు నోట విన్న మాటే రాశాను. మై ఫాదర్ ఎక్స్‌పైర్డ్ టుడే. ఐ విల్ నాట్ కమ్. టీమ్‌లో అందరూ సానుభూతి తెలుపుతూ జవాబులు పెట్టారు. అవన్నీ ఒకరిది చూసి ఒకరు రాసినట్టున్నాయి. ఆవిడ జవాబు కొంచెం పెద్దగా, పొందికగా ఉంది. నేను దాన్ని అమ్మకి చదివి వినిపించాను కూడా, మా మేడమ్ ఎంత బాగా రాసిందో చూడు అని.

దినాలు అయ్యాక ఆఫీసుకి వెళ్ళాను. భోజనాల బల్ల దగ్గర అందరూ ఎక్కువ శ్రద్ధగా తింటున్నారు. ఆవిడ నాకు పెరుగు అందించింది. అమ్మ ఎలా ఉందని అడిగింది. ఇంక అయిపోయింది అనుకుంటుండగా, చాలా ఆప్యాయంగా అంది, "తప్పుగా తీసుకోకమ్మా, నీ మంచికే చెబుతున్నా. ఎక్స్‌పైర్ అనకూడదు. అది మందులకీ, పాల ప్యాకెట్లకీ. మళ్ళీ ఎప్పుడైనా రాయాల్సొస్తే, పాస్డ్ అవే అని రాయి."

"పాస్‌వర్డ్ ఎక్స్‌పైర్ అయితాది అబ్బా," అన్నాడు పక్క సీటు అతను. అలవాటు కొద్దీ అన్నాడు. ఎవరో ముక్కుతో నవ్వారు.

మళ్ళీ ఎప్పుడైనా. నాకు ఉన్నది ఒక్క నాయిన. గిన్నె పక్కకి జరిపి ఆవిడని అడిగాను.

"మీ నాయిన చచ్చిపోయిన నాడు మీరేమని రాస్తరు మేడమ్?"

తెలుగులోనే అడిగాను, మా ఇంట్లో మాట్లాడినట్టే. ఆవిడ తండ్రి బతికే ఉన్నాడు, గుండెకి ఆపరేషన్ అయి మంచంలో ఉన్నాడు, అది టీమ్‌లో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. ఆవిడ ముఖం పాలిపోయింది. నీళ్ళ గ్లాసు అందుకోబోయి వదిలేసింది. "దట్ ఈజ్ ఇన్అప్రోప్రియేట్," అని లేచి వెళ్ళింది. నాకు ఆ మాటకి సరైన అర్థం అప్పటికి తెలియదు, కానీ ఆవిడకి తగిలిందని తెలిసింది. ఎన్నో నెలల తర్వాత ఆ పూట అన్నం రుచిగా అనిపించింది. మొత్తం తిన్నాను.

దానికి ప్రతిఫలం త్వరగానే వచ్చింది. ముందు నన్ను ప్రాజెక్టు నుంచి రిలీజ్ చేశారు. ఆ మాట వింటే ఏదో చెర నుంచి విడిపించినట్టు ఉంటుంది. ఆ తర్వాత బెంచి. నిజంగా బెంచి ఏమీ ఉండదు, పని ఇవ్వరు, అంతే. రోజూ వచ్చి, కార్డు చూపించి, ఖాళీ స్క్రీన్ ముందు కూర్చుని వెళ్ళాలి. చివరికి ఒక చిన్న గదిలోకి పిలిచారు. హెచ్ఆర్ అమ్మాయి నా వయసుదే, గోళ్ళకి లేత రంగు వేసుకుంది. రాజీనామా కాగితం నా వైపు జరిపింది.

"ఇది వాలంటరీ అండీ," అంది.

"అంటే నా ఇష్టమేనా?"

"అవునండీ."

"అయితే నాకు ఇష్టం లేదు."

ఆ అమ్మాయి తలుపు వైపు చూసి, గొంతు తగ్గించింది. "అలా అంటే టెర్మినేషన్ అవుతుందండీ. మళ్ళీ ఎక్కడా తీసుకోరు. వాలంటరీ అయితే మీకే మంచిది."

నా ఇష్టంతోనే సంతకం పెట్టి బయటికొచ్చాను. టీమ్‌లో వీడ్కోలు చెప్పడానికి ఎవరూ లేవలేదు. పక్క సీటు అతను మాత్రం లిఫ్టు దాకా వచ్చాడు. అతని ముఖంలో దుఃఖం ఉంది. నా గురించి కాదని ఇద్దరికీ తెలుసు.

కొన్ని నెలలకి మణికొండలో చిన్న కంపెనీలో పని దొరికింది. ఈలోపు ఇంట్లో కూర్చుని ఇంగ్లీషు మీద పడ్డాను. కోపంతో నేర్చుకున్న విద్య త్వరగా పట్టుబడుతుంది. ఇప్పుడు నేను తప్పు మాట్లాడను. ఏ కాన్వెంట్‌లో చదివావని కొత్తవాళ్ళు అడుగుతారు. వారంలో సగం రోజులు ఇంటి నుంచే పని.

మొన్నొక రోజు పొద్దున వంటగది పక్కన కూర్చుని మా కొత్త మేనేజరుతో కాల్‌లో ఉన్నాను. గడువు పొడిగించమని అడుగుతున్నాను. చక్కటి వాక్యాలు, ఎక్కడా తడబడలేదు. కాల్ అయ్యాక అమ్మ చిక్కుడుకాయలు తుంచుతూ అడిగింది.

"ఎవరిని గంతగనం బతిమాలుతున్నవ్ బిడ్డా?"

"బతిమాలుడు కాదమ్మా, మీటింగ్."

"మాటలు నాకేం తెలుస్తయి. గొంతు ఇనబడ్డది."

ఆమె గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళింది. స్క్రీన్ మీద మళ్ళీ మేనేజరు పేరు వెలిగింది. గొంతు సవరించుకుని, గుడ్ మార్నింగ్ అన్నాను.